లఘుచిత్రం శబ్దం లొకేషన్‌లోనే తేలిపోతుంది

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఇప్పుడు వస్తున్న లఘుచిత్రాల్లో బొమ్మకు పెద్దగా లోటు లేదు. వెలుతురు సరిగా ఉంటే మామూలు ఫోను కూడా చూడదగ్గ దృశ్యాన్ని ఇస్తుంది. అదే చిత్రంలో తల్లి కొడుకుతో అనే మాట మాత్రం బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది, లేదా ఫ్యాను హోరులో సగం మునిగిపోతుంది, లేదా ఆ లోపాన్ని కప్పడానికి వేసిన నేపథ్య సంగీతం కింద నలిగిపోతుంది. కథ ఈ నేల మాట మీద నిలబడ్డదైనప్పుడు ఆ మాటే సరిగా వినబడకపోవడాన్ని చిన్న సాంకేతిక లోపంగా తీసిపారేయలేము. చిత్రం దేనికోసం తీశారో అదే ప్రేక్షకుడికి చేరలేదన్నమాట. శబ్దాన్ని ఎడిటింగ్‌లో చూసుకోవచ్చునన్న నమ్మకమే ఈ పరిస్థితికి ప్రధాన కారణం.

ఆ నమ్మకం ఎందుకు నిలవదో తెలియాలంటే ముందుగా దూరం సంగతి చూడాలి. ఆరుబయట, మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. చుట్టూ ఉన్న హోరు అన్ని దిక్కుల నుంచీ వస్తుంది కనుక మైకును ఎక్కడ పెట్టినా అది దాదాపు అంతే ఉంటుంది. నటి నుంచి 3 మీటర్ల దూరంలో ఉన్న కెమెరా మీది మైకును తీసి, కర్రకు కట్టి, ఫ్రేమ్ అంచుకు కాస్త పైన, ఆమె నోటికి అర మీటరు దూరంలోకి తెస్తే మాట 15 డెసిబెల్స్‌కు పైగా పైకి లేస్తుంది. నాయిస్ రిడక్షన్ (హోరును తగ్గించే) సాఫ్ట్‌వేర్‌తో ఇంత తేడాను తేబోతే మాట గాయపడే ప్రమాదం ఉంది. దూరంగా ఉన్న ఖరీదైన మైకు కంటే దగ్గరగా ఉన్న చవక మైకు మేలన్నది ఈ లెక్క నుంచే వస్తుంది. బూమ్ కర్ర కొనే స్తోమత లేని బృందానికి తేలికైన వెదురు బొంగు చాలు. మైకుకూ బొంగుకూ మధ్య రబ్బరు ఊతం ఉండాలి, పట్టుకున్న మనిషి వేళ్ళు కదపకుండా నిలబడాలి. ఆ మనిషిని ఆఖరి నిమిషంలో ఖాళీగా కనబడినవారిలోంచి ఎంచుకోవడం చాలా బృందాలకు అలవాటు. నిజానికి కెమెరా పట్టినవారి తర్వాత సెట్‌లో అంత ఏకాగ్రత అవసరమైన పని అదే, హెడ్‌ఫోన్లు కూడా అదే మనిషి చెవులకు ఉండాలి.

తెలుగు సినిమా ఈ సమస్యను చాలాకాలంగా డబ్బింగ్‌తో దాటుతూ వచ్చింది. దానికి ఒక చారిత్రక కారణం ఉంది. 1960ల నుంచి భారతీయ చిత్రాల్లో విరివిగా వాడిన ఆరిఫ్లెక్స్ 2సీ వంటి కెమెరాలు తేలికైనవే గానీ నడుస్తున్నంతసేపూ గట్టిగా చప్పుడు చేసేవి. వాటి పక్కన తీసిన శబ్దం గైడ్ ట్రాక్‌గా (తర్వాత డబ్బింగ్‌లో ఆనవాలుగా వాడుకునే శబ్దంగా) తప్ప ఎందుకూ పనికివచ్చేది కాదు. ఇప్పటి ఫోనుకు గానీ డిజిటల్ కెమెరాకు గానీ ఆ చప్పుడు లేదు. కారణం పోయినా అలవాటు మిగిలిపోయింది. డబ్బింగ్ తప్పని సందర్భాలు ఉంటాయి; గొప్ప డబ్బింగ్ కళాకారులు తెలుగు సినిమాకు చేసిన సేవ కూడా తక్కువది కాదు. అయితే ఒక ఊళ్ళో, వృత్తి నటులు కాని మనుషులతో తీసిన సన్నివేశం సంగతి వేరు. ఇంటి అరుగు మీద కూర్చుని పొయ్యి వైపు చూస్తూ "వాడు అచ్చిండా?" అని అడిగిన ముసలావిడ, వారం తర్వాత ఒక మూసిన గదిలో తెర మీది తన పెదవులను చూస్తూ అదే మాట అడిగితే ఆ తీరు రాదు. మాట శుభ్రంగా రావచ్చు. కానీ యాస జాగ్రత్తపడుతుంది, టీవీ వార్తల భాష వైపు ఒరుగుతుంది, ఊపిరి తెగిపోతుంది. ఉత్తర తెలంగాణ లఘుచిత్రాలకు ఉన్న అసలైన బలం ఈ మాట తీరే కనుక, ఇక్కడి చిత్రబృందాలు లొకేషన్ శబ్దం మీద మిగతావారికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసి ఉంది.

తెలుగు వాక్య నిర్మాణం ఆ అవసరాన్ని ఇంకా పెంచుతుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఆడా మగా, అవునా కాదా అన్నవన్నీ ఆ చివరి పదం తోకలో ఉంటాయి: పోయిండు, పోయింది, పోలే, పోతడు. మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు తగ్గేదీ ఆ చివరనే. అంటే వాక్యంలో అత్యంత అవసరమైన భాగమే అత్యంత బలహీనమైన శబ్దంగా రికార్డవుతుంది, గది హోరు ముందుగా మింగేదీ దాన్నే. నాయిస్ రిడక్షన్‌ను గట్టిగా వాడితే సాఫ్ట్‌వేర్ తక్కువ స్థాయి శబ్దాలను హోరుగా లెక్కగట్టి ఆ తోకనే కోసేస్తుంది. ద్విత్వాక్షరాలదీ ఇలాంటి కథే. "అక్క", "చెప్పిండు" అన్నప్పుడు నోరు క్షణకాలం మూసుకుని తెరుచుకుంటుంది. ఆ మూసుకున్న క్షణంలోని నిశ్శబ్దం కూడా మాటలో భాగమే. మోత ఎక్కువున్న గదిలో ముందు అచ్చు తాలూకు ప్రతిధ్వని ఆ ఖాళీని నింపేస్తుంది, మాట మొద్దుబారుతుంది.

ఈ మోతకు మూలం గోడలూ నేలా. కొత్తగా కట్టిన డాబా ఇంట్లో నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిని తీసుకుంటే దాని ఘనపరిమాణం 36 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 66 చదరపు మీటర్లు. సిమెంటు గోడలు, టైల్స్ తమ మీద పడ్డ శబ్దంలో నూటికి మూడు వంతులు పీల్చుకుంటాయనుకుంటే, ఆ గది మొత్తం పీల్చే సామర్థ్యం సుమారు రెండు చదరపు మీటర్లకు సమానం. గది ఘనపరిమాణం, పీల్చే సామర్థ్యాల నుంచి మోత సమయాన్ని లెక్కగట్టే సాబిన్ సూత్రం ప్రకారం అలాంటి ఖాళీ గదిలో శబ్దం పూర్తిగా అణగడానికి దాదాపు 2.9 సెకన్లు పడుతుంది. నూటికి యాభై వంతులు పీల్చగల మందపాటి గుడ్డను పది చదరపు మీటర్ల మేర వేలాడదీస్తే అదే గదిలో ఆ సమయం 0.8 సెకన్ల దగ్గరికి దిగుతుంది. రెండు చదరపు మీటర్ల తలుపు తెరిచి ఉంచితే, అవతల నిశ్శబ్దంగా ఉన్న పక్షంలో, ఇంకా తగ్గుతుంది. మనుషులు, మంచాలు, బట్టలు ఉన్న ఇంట్లో అంకెలు ఇంత తీవ్రంగా ఉండవు గానీ దిశ మాత్రం ఇదే. పాత పెంకుటింట్లో, మట్టి గోడల మధ్య మాట సహజంగానే మెత్తగా రికార్డు కావడానికీ కారణం ఇదే.

ఆ మందపాటి గుడ్డ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కురుమలు నేసే గొంగడి స్వచ్ఛమైన ఉన్ని. పోగుల మధ్య గాలి నిలిచే ఆ అల్లిక శబ్దాన్ని బాగా పీలుస్తుంది. బొంతలు మడిచి వేలాడదీసినా పని జరుగుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు కొత్తవాడ మగ్గాల మీద తయారవుతాయి. అవి పలుచని నూలువి కనుక నేల మీద పరిస్తే అడుగుల చప్పుడు తగ్గిస్తాయి, సన్నని, హెచ్చు శ్రుతి మోతను కొంత పీలుస్తాయి, అంతకు మించి వాటి నుంచి ఆశించకూడదు. గుడ్డను గోడకు అతికించినట్టు కాకుండా జానెడు ఎడంగా కట్టాలి. గోడకు ఆనుకుని గాలి కదలిక దాదాపు ఉండదు. కాస్త ఎడంగా ఉన్నచోట గాలి ఎక్కువగా కదులుతుంది, గుడ్డ ఆపగలిగేది ఆ కదలికనే. గొట్టం ఆకారపు షాట్‌గన్ మైకును చిన్న గదుల్లో వాడకపోవడమే మంచిది. పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని అది కొట్టివేసే పద్ధతి ఆరుబయట పనిచేసినంత బాగా, గోడల నుంచి ప్రతిఫలించే మోత మధ్య పనిచేయదు. లోపలికి హైపర్‌కార్డియాయిడ్ రకం (ఎదుటి శబ్దాన్ని ఎక్కువగా తీసుకునే పొట్టి మైకు), బయటికి షాట్‌గన్ అన్న విభజన సాధారణంగా సరిపోతుంది. వేయిస్తంభాల గుడి, రామప్ప వంటి రాతి మంటపాల్లో గుడ్డలు కట్టడం కుదరదు, అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి గనుక చిత్రీకరణకే అనుమతి కావాలి. అక్కడ బట్టల్లో దాచే లేపల్ మైకు ఒక్కటే దారి.

ఇక చుట్టుపక్కల చప్పుళ్ళు. ఊళ్ళో ఒకప్పుడు కరెంటు వచ్చే వేళలను బట్టి బోరు మోటార్లు నడిచేవి, కరెంటు లేని గంటలు రికార్డింగుకు దొరికేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక మోటారు ఎప్పుడైనా నడవవచ్చు. కనుక పొలం గట్టు మీద సన్నివేశం పెట్టుకున్న బృందం ముందురోజే ఆ చుట్టుపక్కల రైతులతో మాట్లాడుకుని, ఏ గంటలో ఆపగలరో అడిగి ఉంచాలి. లొకేషన్ చూడటానికి వెళ్ళడమంటే చాలామందికి ఫ్రేములు చూసుకోవడమే. షూటింగ్ జరిగే అదే గంటలో అక్కడ ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని నిలబడటం అంతకంటే ముఖ్యం. గుడి మైకు, అజాన్, పాలవాళ్ళ బండ్లు, బడి గంట, కోతల కాలంలో హార్వెస్టర్లు, ఏ వేళకు ఏది వస్తుందో అప్పుడే తెలుస్తుంది. కాజీపేట, వరంగల్ స్టేషన్ల దగ్గరి ఇళ్ళలో రైలు కూతను ఆపే మార్గం లేదు. కూత మొదలైతే టేకు ఆపి, అది పూర్తిగా పోయాక ఆ వాక్యం మొదటి నుంచి తీయడమే పద్ధతి, ఎందుకంటే సగం కూత ఉన్న టేకు పక్కన కూత లేని టేకును అతికిస్తే వినేవారికి కోత స్పష్టంగా దొరికిపోతుంది.

ఇంటి లోపల ఫ్యాను, కూలరు, ఫ్రిజ్ మూడూ ఆగాలి. నలభై డిగ్రీలు దాటే వేసవిలో ఫ్యాను ఆపమనడం నటులకు నిజమైన బాధ. టేకు టేకుకూ మధ్య మళ్ళీ వేస్తూ, మాటలున్న షాట్లను తెల్లవారుజాముకు పెట్టుకుని ఆ బాధ తగ్గించవచ్చు. ఫ్రిజ్ ఆపినవారు తమ బండి తాళంచెవిని అందులో పెట్టడం చాలా దేశాల శబ్ద బృందాలు పాటించే పద్ధతి. వెళ్ళేటప్పుడు తాళంచెవి కోసం తెరిచి ఫ్రిజ్‌ను మళ్ళీ వేస్తారు. అరువిచ్చిన ఇంటివాళ్ళ పాలు, పెరుగు పాడు చేయకుండా ఉండడం కూడా షూటింగులో భాగమే.

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో ఒక సన్నివేశాన్ని ఉదాహరణగా తీసుకుంటే శబ్దాన్ని ముందుగా ఆలోచించడమంటే ఏమిటో తెలుస్తుంది. అలాంటి షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటుతుంది, మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటుంది. మగ్గాలు నడుస్తుండగా మాటను శుభ్రంగా రికార్డు చేయడం దాదాపు అసాధ్యం. అందుకని మగ్గాలన్నీ ఆపి తీస్తే నటులు మామూలు గొంతుతో మాట్లాడతారు. ఎడిటింగ్‌లో దానికింద మగ్గాల మోత కలిపితే ఆ మాట అబద్ధంగా వినిపిస్తుంది. చుట్టూ మోత ఉన్నప్పుడు మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని, స్వరం తీరే మారిపోతుందని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లో వివరించాడు. అచ్చులు సాగుతాయి, స్థాయి పెరుగుతుంది, గొంతు నరాలు బిగుస్తాయి. ఇదంతా తర్వాత వాల్యూమ్ పెంచితే రాదు.

కాబట్టి దూరపు షాట్లను మగ్గాలు నడుస్తుండగానే తీసి, వాటి శబ్దాన్ని గైడ్‌గా ఉంచుకోవాలి. దగ్గరి షాట్లకు ముందు నటులు మగ్గాల మధ్యే రెండు మూడుసార్లు సంభాషణ చెప్పి, గొంతు ఆ స్థాయికి చేరాక మగ్గాలు ఆపించి, అదే గొంతుతో వెంటనే తీయాలి. ఒక చెవిలో సన్నని ఇయర్‌ఫోను ద్వారా మగ్గం మోత వినిపించినా ఫలితం ఉంటుంది. చివర మనుషులందరినీ బయటికి పంపి, ఒక్క మగ్గాన్ని దగ్గరగా, మొత్తం షెడ్డును దూరంగా, తలుపు బయట నుంచి మరోసారి, ఒక్కోటి రెండు మూడు నిమిషాలు విడిగా తీసి పెట్టుకోవాలి. మగ్గం శబ్దానికి లయ ఉంది. పోగును మోసే నాడె అటూ ఇటూ పోయే దెబ్బల మధ్య అర సెకను వ్యవధి ఉందనుకుంటే, కోత దగ్గర రెండు మూడు ఫ్రేములు (వీడియోలోని ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) తప్పినా నేత పని తెలిసిన సిరిసిల్ల చెవి పట్టేస్తుంది. అందుకే షాట్లతో పాటు కోయకుండా, ఆ మోతను మొదటి నుంచి చివరిదాకా ఒకే ముక్కగా కింద పరిచి, బొమ్మను మాత్రమే పైన మార్చుకుంటూ పోవాలి.

బతుకమ్మ ఆట విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పాట ఎత్తుకునే ఆవిడకు ఒక లేపల్ మైకు, "ఉయ్యాలో" అని అందుకునే గుంపుకు వలయం బయట ఒక స్టీరియో మైకు పెట్టి, ఒక పాటను ఎక్కడా ఆపకుండా పూర్తిగా రికార్డు చేసుకోవాలి. ఆ తర్వాత ఎన్ని కోణాల్లో తీసినా బొమ్మంతా ఆ ఒక్క రికార్డింగు మీదే కూర్చుంటుంది. చప్పట్లు ఒక్కసారిగా ఎగిసే శబ్దాలు కనుక స్థాయిని మాటకంటే బాగా తగ్గించి పెట్టాలి. ఒగ్గు డోలుకు మరింత తగ్గించాలి.

రికార్డరు అమరికల విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. వీడియోకు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు ప్రమాణం. మాట గరిష్ఠ స్థాయి మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ పరిసరాల్లో ఆడాలి. కొత్తగా వచ్చిన 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు స్థాయి మించిపోయినా ఫైలును కాపాడతాయి, దూరాన్నీ మోతనూ మాత్రం ఏమీ చేయలేవు. శబ్దాన్ని విడి రికార్డరులో తీస్తే తర్వాత బొమ్మతో జతపరచడానికి ప్రతి టేకు మొదట చప్పట్ల పలక కొట్టాలి. ఫోను వీడియోల్లో ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండదు కనుక ఎడిటింగ్‌కు ముందే స్థిరమైన రేటుకు మార్చుకోకపోతే పెదవులూ మాటా మెల్లగా విడిపోతాయి. ఖిలా వరంగల్ తోరణాల దగ్గర 30 మీటర్ల దూరం నుంచి కెమెరా మైకుతో తీస్తే, గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది కాబట్టి, మాట రెండు ఫ్రేములకు పైగా ఆలస్యంగా చేరుతుంది. ఇది పరికరం దోషం కాదు, ఎడిటర్ ముందుకు జరిపితే సరిపోతుంది.

ప్రతి లొకేషన్‌లోనూ అందరూ కదలకుండా నిలబడగా ఒక నిమిషం పాటు ఆ చోటు నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం ఎడిటింగ్‌కు పెట్టుబడి. ఏ చోటి నిశ్శబ్దమూ నిజంగా ఖాళీ కాదు. భద్రకాళి చెరువు కట్ట మీద ఒక రకం, వాన వెలిసిన రాత్రి కీచురాళ్ళతో నిండిన పెరడులో మరో రకం. రెండు వాక్యాల మధ్య దగ్గును తీసేసినప్పుడు అక్కడ శూన్యం వదిలితే వినేవారికి చెవి మూసినట్టవుతుంది. ఆ నిమిషంలోంచి చిన్న ముక్క తెచ్చి అతికిస్తే కోత మాయమవుతుంది. కీచురాళ్ళ విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. వాటి శబ్దం మాటలోని హల్లుల స్పష్టత ఉండే మేరలోనే కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కనుక దాన్ని తీసేయబోతే మాటా పోతుంది. దాన్ని ఉండనిచ్చి, సన్నివేశమంతా ఒకే తీరుగా పరచడం మంచి ఎడిటర్ల పని.

ఎడిటింగ్‌లో మొదట చూడవలసింది మాట ఒక్కటే. సంగీతం, ఎఫెక్టులు అన్నీ మూసి, మాటల ట్రాకును మాత్రమే మొదటి నుంచి చివరిదాకా విని, కథ అర్థమవుతున్నదా అని తేల్చుకోవాలి. ప్రతి కోత దగ్గరా ఒకటి రెండు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతూ మరొకటి పెరిగే అతుకు), మాట కింద 80 హెర్ట్జ్ దిగువ గుడగుడను తీసే ఫిల్టరు, కరెంటు తీగల నుంచి చేరే 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దానికీ దాని గుణిజాలైన 100, 150లకూ సన్నని కోతలు, అవసరమైతే ఆరేడు డెసిబెల్స్ మించని నాయిస్ రిడక్షన్: లొకేషన్‌లో శ్రద్ధ పెట్టిన చిత్రానికి ఇంతకంటే ఎక్కువ మందు అక్కర్లేదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత రూపంలోని ఫెయిర్‌లైట్ విభాగం ఈ పనులకు సరిపోతుంది. తర్వాతి వాక్యాన్ని బొమ్మ మారకముందే వినిపించడం, లేదా వినేవారి ముఖం మీద మాట్లాడేవారి వాక్యాన్ని సాగనివ్వడం వంటి కోతలు సంభాషణకు ప్రాణం పోస్తాయి. నటన అంతగా రాని మనిషి ముఖాన్ని కాపాడేవీ అవే.

అడుగుల చప్పుడు, చీర రెపరెప, బిందె దింపిన సడి వంటివి విడిగా చేసి కలపడం మరో పని. మొరం నేల మీది చెప్పుల నడక, నాపరాళ్ళ మీది నడక, ఎండు వరిగడ్డి మీది నడక మూడూ వేర్వేరు శబ్దాలు. ఆ నేలను తెచ్చి ఒక తట్టలో పోసి, మైకు ముందు బొమ్మ చూస్తూ నడిస్తే సరిపోతుంది. శబ్దం ఏ వస్తువు నుంచి వచ్చిందన్నది చెవికి అక్కర్లేదు, నమ్మేలా ఉందా లేదా అన్నదే కావాలి. ధ్వన్యనుకరణలో దేశమంతటా పేరు తెచ్చుకుని 2001లో పద్మశ్రీ అందుకున్న నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిపెరిగిన వరంగల్‌కు ఈ సంగతిని కొత్తగా చెప్పనక్కర్లేదు.

నేపథ్య సంగీతాన్ని చివరగా చేర్చాలి, అదీ మాట లేని చోట్లకు ముందుగా. మాటకింద సంగీతం తప్పదనుకుంటే మాటల స్పష్టత ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మేర సంగీతంలో కొంత తగ్గించి చోటివ్వాలి. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే బిగ్గరతనానికి కొలమానం) కంటే బిగ్గరగా ఉన్న చిత్రాలను తానే తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నవాటిని మాత్రం పెంచదు. కనుక బిగ్గరగా పంపి లాభం లేదు, మరీ మెల్లగా పంపితే నష్టం ఉంది. ఎక్కువమంది చూసేది ఫోనులో. ఫోను స్పీకరుకు లోతైన, తక్కువ శ్రుతి శబ్దం దాదాపు రాదు, పెద్ద స్పీకర్ల మీద గంభీరంగా ఉన్న డోలు అక్కడ టకటకమని మాత్రమే వినిపిస్తుంది. అదే చిత్రాన్ని హన్మకొండలోని ఏదైనా సభామందిరంలో ప్రదర్శిస్తే హాలు మోత మాట మీద పడుతుంది. అందుచేత తుది మిక్స్‌ను హెడ్‌ఫోన్లలో పూర్తిచేశాక ఒకసారి ఫోను స్పీకరులో, వీలైతే ఒకసారి ప్రదర్శన జరిగే హాలులోనే విని, మాట, ఎఫెక్టులు, సంగీతం మూడింటినీ వేర్వేరు ఫైళ్ళుగా దాచుకోవాలి. హాలు కోసం మాటను రెండు డెసిబెల్స్ పెంచి, గది మోత కలిపిన ఎఫెక్టులను తగ్గించిన మరో మిక్స్‌ను ఆ మూడు ఫైళ్ళతో ఒక పూటలో తయారు చేయవచ్చు.